చూడకుండా ఇచ్చిన లైన్ క్లియర్

నా గుండెల మీద ఒక గుర్రం బరువు, ఒక మనిషి బరువు ఉన్నాయి. ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. పెళ్ళికి ముందు ఎక్కిన బరువు, మనవలు పుట్టినా దిగలేదు. మా ఆవిడకు చెప్పలేదు. గుడికి వెళ్ళి దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా చెప్పలేదు, ఆయనకెలాగూ తెలుసు కదా అని సరిపెట్టుకున్నాను. కానీ తెలిసినవాడికి చెబితే అది ఒప్పుకోవడం ఎలా అవుతుంది? తెలియనివాళ్ళకు చెప్పాలి. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు దాచుకోవడం పిరికితనమే, కాదనను. నా పిరికితనాల్లో ఇదే చిన్నది.

నేను ఖరగ్‌పూర్‌లో రైల్వే కేబిన్‌మేన్‌గా పనిచేశాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరితే, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. యాభైల చివర్లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. కేబిన్ అంటే లీవర్లు, గంటలు. బండిని పంపమంటారా అని పక్క స్టేషన్‌వాళ్ళు గంట కొడతారు. లైను మీద ఏమీ లేదని కళ్ళారా చూసుకుని మనం బదులు గంట కొట్టాలి. దాన్నే లైన్ క్లియర్ అంటాం. సింగిల్ లైనులో అయితే డ్రైవరు చేతికి టోకెన్ ఉన్న రింగు అందాలి. రింగు అందనిదే ఇంజను కదలదు. అందాక మాత్రం డ్రైవరు ఇంక దేనికీ సందేహించడు. ముందు పొగమంచున్నా, కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటున్నా వెళ్ళిపోతాడు. ఎవడో చూశాడు, సరే అన్నాడు, అంతే. ఒక మనిషి మాట మీద అంత ఇనుము పరిగెడుతుంది. ఆ మాట ఇచ్చే మనిషిని నేనని నాకు లోపల్లోపల ఎంత గర్వమో.

ఖరగ్‌పూర్ శివార్లలో సాలువా దాటాక సాల అడవి మొదలవుతుంది. మా పెద్దవాళ్ళు ఆ చెట్లను గుగ్గిలం చెట్లనేవారు. ఆ అడవి అంచున ఒక రిటైర్డ్ సుబేదారు ఉండేవాడు, నేపాలీ మనిషి. ఆయనకు గుర్రాలంటే పిచ్చి. ఎక్కడెక్కడో పనిచేసి ముసలివై వేలానికి వచ్చిన గుర్రాలను తెచ్చుకుని మేపేవాడు. ఆదివారాలు మాలాంటి రైల్వే కుర్రాళ్ళను వాటి మీద ఎక్కనిచ్చేవాడు. అందుకు రెండు షరతులు. లాయం కడగాలి, అడవి బాట చూసుకోవాలి.

అది సర్కారు అడవి. అంత అడవికీ ఫారెస్టు గార్డు ఒక్కడే. గాలివాన వచ్చిందంటే కొమ్మలు విరిగిపడి బాట మూసుకుపోయేది. బాట మూసుకుపోతే అవతల చివర ఉన్న సంతాలు గిరిజనుల ఊరివాళ్ళకు దారి లేదు. వాళ్ళ ఆడవాళ్ళు విస్తళ్ళకు కోసిన సాలాకు, ఏరిన ఇప్పపువ్వు సంతకు చేరేది ఆ బాట మీదే. పురిటి నొప్పుల మనిషిని బండిలో వేసి తీసుకొచ్చేదీ ఆ బాట మీదే. అందుకని గార్డుకు చెప్పి, మేం ఆదివారం పొద్దున్నే గుర్రాలెక్కి వెళ్ళి, పడ్డ కొమ్మలు నరికి పక్కకు లాగి, గాడి పడ్డ చోట ఎర్ర మొరం పోసి వచ్చేవాళ్ళం. మాకు జీతమంటారా, గుర్రమెక్కడమే జీతం. ఊళ్ళోంచి వెళుతుంటే పెళ్ళికొడుకులొస్తున్నారర్రా అని పిల్లలు వెంటపడేవాళ్ళు. పట్టాల మీద బతికేవాళ్ళకు కళ్ళేలెందుకని మా అమ్మ నవ్వేది.

మాలో అందరికంటే బాగా స్వారీ చేసేవాడు సింహాచలం. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, వర్క్‌షాపులో ఫిట్టరు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఆయన గుర్రం చాందినీ. తెల్లటి ఆడగుర్రం, ఆ ముసలి మందలో అదొక్కటే ఇంకా పరుగు మరిచిపోనిది. వర్క్‌షాపులో వారమంతా సుత్తుల మోత విని చెవుడొచ్చినట్టుండే మనిషి, దాని మీద ఎక్కి ఆ బాటలో ఒక్కసారి పరుగు తీసి వచ్చాడంటే ముఖం కడుక్కున్నట్టు తేటగా అయిపోయేవాడు. ఆయనకు జీవితంలో అంతకంటే పెద్ద కోరికేదీ ఉన్నట్టు నేను చూడలేదు.

ఇక రింగు సంగతి. అది నా బుర్రలో పుట్టిన ఆలోచనే. అడవి మొదట్లో ఒక పాత స్లీపరు దుంగ పాతి, దానికో మేకు కొట్టి, బెత్తంతో చేసిన రింగు తగిలించాం. గాలివాన వస్తే సుబేదారు ఆ రింగు తీసి దాచేవాడు. ఆదివారం మాలో ఒకరు దాన్ని పట్టుకుని, గుర్రాన్ని నడిపించుకుంటూ అవతలి ఊరిదాకా బాటంతా చూసి, వెనక్కి వచ్చి మేకుకు తగిలించాలి. రింగు మేకుకు ఉందంటే బాట చివరిదాకా ఎవరో చూశారని అర్థం. అప్పుడు గుర్రాలు పరుగు తీయొచ్చు, బళ్ళు కదలొచ్చు. రైల్వేలో పుట్టినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టని ఏర్పాటు. సుబేదారు మెచ్చుకున్నాడు. అడవిలో కూడా లైన్ క్లియర్ ఇస్తున్నాన్రా అని నేను పొంగిపోయాను. నా ఏర్పాటు ఎంత గొప్పదంటే, అందరూ దాన్ని నమ్మారు.

ఒక శుక్రవారం సాయంత్రం కాల్‌బైశాఖి, అదే అక్కడి వేసవి గాలివాన, విరుచుకుపడింది. ఆదివారం రింగు పట్టుకునే వంతు నాది. ముందు రోజు నైట్ డ్యూటీ చేసి నిద్రకళ్ళతోనే వచ్చాను. ఇది సాకుగా చెప్పడం లేదు. చెప్పినా చెల్లదు. అవే నిద్రకళ్ళతో కేబిన్‌లో ఏనాడూ లైను చూడకుండా గంట కొట్టలేదు మరి.

నేనెక్కినది బుడ్ఢా అని మేం పిలుచుకునే ముసలి గుర్రం. అది నడుస్తోందో నిలబడిందో ఎక్కినవాడికి తెలిసేది కాదు. అడవిలోకి వెళ్ళాక, పడ్డ కొమ్మలు రెండు మూడు చోట్ల కొట్టి లాగేశాను. మిగతా బాట బాగానే ఉంది. వాన తడికి మొరం ముదురెరుపు తిరిగింది. తరవాత బాట కాస్త వెడల్పై, పెద్ద సాల చెట్లు గుంపుగా ఉన్న చోటు వచ్చింది. పూత కాలం. లేత పసుపు కలిసిన తెల్లటి పూలు గిరగిరా తిరుగుతూ రాలుతున్నాయి. గాలి లేదు. అయినా రాలుతున్నాయి. చప్పుడు లేదు. నా చెవుల్లో రాత్రంతా మోగిన గంటలు ఒక్కొక్కటే ఆగిపోతున్నట్టు అనిపించింది. పూల వాసన మత్తుగా ఉంది. బుడ్ఢా ఆగిందా, నేను ఆపానా? ఇప్పటికీ తెలియదు. దిగి చెట్టు మొదట్లో కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి వెనక్కి వాలాను.

నిద్రపోయానని కూడా చెప్పలేను. కళ్ళు తెరిచే ఉన్నాయనుకుంటాను. పైన కొమ్మల మధ్య ఆకాశం ముక్క కనిపిస్తోంది, అందులోంచి పూలు దిగి వస్తున్నాయి, నా చొక్కా మీద, అరచేతుల్లో పడుతున్నాయి. నాకు ఉద్యోగం లేదు, ఊరు లేదు, ఎవరికీ ఏ మాటా ఇవ్వక్కర్లేదు. ఎవరో దూరంగా సంతాలీలో పాడుతున్నట్టు వినిపించింది. పాటో, నా కలో. ఆ తరవాత జన్మలో ఎప్పుడూ నాకు అంత హాయి కలగలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ హాయిని ఇప్పటికీ తలుచుకుంటాను. తలుచుకున్న మరుక్షణం చాందినీ గుర్తొస్తుంది. ఆ రెండూ విడదీయడం నా వల్ల కాలేదు.

తెలివొచ్చేసరికి ఎండ మొహం మీద పడుతోంది. లేచి చూసుకున్నాను. ఇంకా సగం బాట ఉంది. చివరిదాకా వెళ్ళి వస్తే బాగా పొద్దుపోతుంది. అడవి మొదట్లో సింహాచలం ఎదురుచూస్తుంటాడు. సంతకొచ్చి గాలివానకు ఇటే చిక్కుకుపోయిన సంతాలుల ఊరి మంగళ్ కూడా, బండి కట్టుకుని రింగు కోసం కాచుక్కూర్చుని ఉంటాడు. ఏటోయ్ కేబిన్‌బాబూ, నిద్దరోయినావా అని నలుగురిలో ఆటపట్టిస్తారు. పోయిన ఆదివారం ఈ బాటంతా చూసిందే కదా అనుకున్నాను. మొన్నటి గాలివాన మరీ పెద్దదేం కాదనుకున్నాను. చూసిన సగం బాగుంది కాబట్టి చూడని సగం కూడా బాగుంటుందనుకున్నాను. ఒక్కటంటే ఒక్క అబద్ధం నాకు నేను చెప్పుకోలేదు. అన్నీ నిజంలాగే ఉన్నాయి. గుర్రాన్ని వెనక్కి తిప్పాను.

రింగు తెచ్చి మేకుకు తగిలించాను. నోటితో ఏమీ అనలేదు.

సింహాచలం నన్ను ఏమీ అడగలేదు. రింగు ఉందిగా, అడగడమెందుకు? ఒకసారి దానివైపు చూశాడు, నవ్వాడు, చాందినీ మెడ తట్టి ఎక్కాడు. తెల్లటి గుర్రం ఎర్రటి బాట మీద సాగిపోయింది. గిట్టల చప్పుడు చిన్నదై, ఇంకా చిన్నదై, చెట్లలో కలిసిపోయింది. ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. ఇప్పుడైనా అరవచ్చు అనుకున్నాను. అన్నా ఆగు, చివర్లో నేను చూడలేదు అనడానికి ఎంత ఊపిరి కావాలి? ఆ మాట నాలుక దాకా వచ్చిందని మీకు చెబితే కాస్త మంచివాడిలా కనిపిస్తాను. రాలేదు. ఏమీ కాదులే అనే అనుకున్నాను.

ఏమీ కాదనుకున్నవాణ్ణి కాసేపటికి బుడ్ఢాను ఎక్కి వెనకాలే ఎందుకు బయలుదేరాను? లోపల ఏదో తొలుస్తూనే ఉండి ఉండాలి.

సాల చెట్ల గుంపు దాటి కొంత దూరం వెళ్ళేసరికి కనిపించింది. వాన నీళ్ళు బాట కిందనుంచి మొరాన్ని తోడేసి, పైన పెచ్చు మాత్రం మిగిల్చాయి. దాని మీద ఎండాకులు పరుచుకున్నాయి. నడకన వెళ్ళిన గుర్రమైతే అక్కడ ముందుకాలు పెట్టి, నేల డొల్లగా ఉందని తెలిసి, మొండికేసి నిలబడిపోయేది. బుడ్ఢా అయినా నిలబడిపోయేది. పరుగులో ఉన్న చాందినీకి ఆ అవకాశం లేదు. ముందుకాలు విరిగి పక్కకు పడి ఉంది. లేవబోతోంది, పడుతోంది. సింహాచలం మోకాలు దాని కింద నలిగింది. ఎలాగో బయటికి జరిగి, దాని తల ఒళ్ళో పెట్టుకుని ఏదో చెబుతున్నాడు దానికి. నన్ను చూసి బండి తెమ్మన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే కష్టమైనది. బాట చూడకపోవడం ఒళ్ళు మరిచి చేసిన తప్పని ఎవరైనా జాలిపడచ్చు. ఇది అలాంటిది కాదు.

వెనక్కి వెళితే సుబేదారున్నాడు. మంగళ్ బండి ఎడ్లతో సహా కట్టి సిద్ధంగా ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. ముందుకు వెళితే ఊరుంది, అక్కడ బండి దొరుకుతుందో లేదో తెలియదు. ఎవడైనా వెనక్కే వెళతాడు. కానీ తడి మొరం మీద పొద్దుటి బుడ్ఢా గిట్టల గుర్తులు సాల చెట్ల గుంపు దగ్గర ఆగి, తిరిగి వచ్చేశాయి. ఆ గొయ్యి అవతల ఒక్క గుర్తు లేదు. సుబేదారు నేల చూసి చెప్పగలడు, ఏ గుర్రం ఎటు పోయిందో. ఆయన రాకముందే ఆ ముందు బాట మీద నా గుర్రం నడిచి ఉండాలి. ఇదంతా ఎంత వేగంగా ఆలోచించానో చూశారా? రింగు తగిలించేటప్పుడు పనిచేయని బుర్ర అప్పుడు భేషుగ్గా పనిచేసింది. నేను ముందుకు వెళ్ళాను.

ఊళ్ళో ఎడ్లు మేతకు పోయాయి. వాళ్ళు పాపం పరుగున ఒక నులకమంచం పట్టుకొచ్చారు. నలుగురు మోసుకుని సింహాచలాన్ని అడవి మొదటికి తెచ్చేసరికి చాలాసేపైంది. అంతసేపూ ఆయన ఆ నేల మీద, దాని పక్కన పడి ఉన్నాడు. అక్కడ మంగళ్ బండి అలాగే నిలబడి ఉంది. ఇటెందుకు రాలేదని సుబేదారు అడిగాడు. ఊరు దగ్గరనుకున్నానని చెప్పాను. ఆయన నా మొహంలోకి ఒక క్షణం చూసి, ఇంట్లోంచి తుపాకీ తెచ్చుకుని అడవిలోకి నడిచాడు. బండి రోడ్డెక్కే లోపలే ఆ చప్పుడు వినిపించింది. సింహాచలం కండువాతో మొహం కప్పుకున్నాడు.

ఆసుపత్రిలో మర్నాడు ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. పక్కన ఎవరూ లేరు. ఆ నాలుగు మాటలూ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఒరే తమ్మీ, నువ్వు సివరంటా ఎల్లినావు గదా?"

"ఎల్లినానన్నా."

"గొయ్యి అగుపించనేదా?"

"నేదన్నా. అప్పుడు నేల బాగానే ఉంది."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అయితే నానే దాన్ని సంపీసినాను. అంత గట్టిగా పరిగెట్టించబట్టే నేల దిగిపోనాది. నువ్వేటి సేస్తావు, నీ తప్పు నేదు," అన్నాడు.

నన్ను ఓదార్చాడు. విన్నారా? నన్ను.

మోకాలు మళ్ళీ వంగలేదు. ఆలస్యం కాకపోతే వంగేదా? డాక్టరు ఆ మాట అనలేదు, నేను అడగలేదు. అడిగే ధైర్యం ఉంటే ఇంత కథెందుకు. వర్క్‌షాపులో ఆయనకు స్టోర్స్‌లో కూర్చునే పని ఇచ్చారు. గుర్రాలు పరిగెత్తించి ప్రమాదాలు తెస్తున్నారని ఫారెస్టువాళ్ళు మమ్మల్ని రావద్దన్నారు. వర్షాకాలం వెళ్ళేసరికి బాట మీద తుప్పలు లేచాయి. ఆ ఊరి ఆడవాళ్ళు సాలాకు మోపులు నెత్తిన పెట్టుకుని చుట్టూ తిరిగి రోడ్డు వెంట రావడం నేను చూశాను. సైకిలు దిగి పక్కకు తప్పుకునేవాణ్ణి. సుబేదారు గుర్రాలను ఎవరికో ఇచ్చేశాడు.

ఆ నింద అంతా సింహాచలం మీదే పడింది. పడడమేమిటి, ఆయనే ఎత్తుకున్నాడు. సాలువా రోడ్డు వైపు మళ్ళీ పోలేదు. ఎక్కడైనా జట్కా గుర్రం కనిపిస్తే తల దించుకునేవాడు. ఒకసారి మా కాలనీలో ఒక పెద్దమనిషి, కేబిన్ కుర్రాడు సరిగ్గా చూడలేదేమో అన్నాడట. మెత్తటి మనిషి సింహాచలం అంతెత్తున లేచి ఆయన మీదికి వెళ్ళాడట. వాడు కేబిన్‌మేను, సూడకుండా లైన్ క్లియర్ ఇచ్చే రకం కాదు అన్నాడట. ఈ సంగతి నాకు మెచ్చుకోలుగా చెప్పారు. నేను తలూపాను. అటు తరవాత ఆయన నాకు ఎదురుపడినప్పుడల్లా ముందు ఆ మాటే ఎదురయ్యేది.

ఆయనకు నిజం తెలిసే దాచాడేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. తెలిసి క్షమించాడేమో అని. అలా అనుకున్న రోజు అన్నం సయించేది. కానీ అది నా సౌకర్యం కోసం అల్లుకున్నది. సింహాచలం కడుపులో ఏదీ దాచుకోలేడు. ఆయనకు తెలియదు. నేను చెప్పినదే నమ్మాడు, రింగును నమ్మినట్టే.

ఆయన సుభాష్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. కూతురు పార్వతి పెళ్ళికి పెద్దరికం నాకే అప్పగించాడు. ఆ పిల్లను చిన్నప్పుడు సైకిలు నేర్చుకోనిచ్చాడు గానీ గట్టిగా తొక్కనిచ్చేవాడు కాదు. నా దూకుడు నీకు రాకూడదే అనేవాడు. నేనక్కడే కూర్చుని టీ తాగుతూ ఉండేవాణ్ణి.

పోయిన చలికాలం ఆయన పోయాడు. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక పార్వతి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆఖరి జ్వరంలో నాన్న చాందినీని పిలిచాడని చెప్పింది. మెల్లగా, మెల్లగా అన్నాడట. క్షమించమన్నాడట దాన్ని. తరవాత తను నన్నొక మాట అడిగింది.

"బాబాయ్, మీరే సెప్పాల. మా నాన్న నిజంగా అంత దూకుడు మనిసా? నాకు ఎప్పుడూ అలాగ అగుపించనేదు."

అంతకంటే తేలికైన వాకిలి ఎవరు తెరుస్తారు నాకు? ఆయన లేడు. నన్ను శిక్షించేవాళ్ళు లేరు. ఆ పిల్లకు తన తండ్రిని తిరిగి ఇచ్చేయడమే. నేను ఆ పిల్ల తల నిమిరి, ఆ వయసులో అందరూ అంతే అమ్మా అన్నాను. అని, చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చాను.

మొదటి అబద్ధానికి భయం ఉంది, వయసుంది. రెండోదానికి ఏముంది? అలవాటు తప్ప ఏమీ లేదు. ఆ సంగతి తెలిశాకే కలం పట్టుకున్నాను.

పార్వతికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. సింహాచలం దూకుడు మనిషి కాదు. రింగు ఉందో లేదో చూసుకుని బయలుదేరిన మనిషి. నేను చివరిదాకా వెళ్ళలేదు. వెళ్ళానని చెప్పాను. గుర్తులు కప్పడానికి గాయపడ్డవాణ్ణి నేల మీద వదిలి తప్పుడు దారిన పోయాను. చాందినీని చంపింది నేను. ఆయన చేయని తప్పుకు క్షమాపణ అడుగుతూ పోయాడు.

రేపు సుభాష్‌పల్లి వెళ్ళి ఈ మాటే పార్వతి ముందు అంటానా? తెలియదు. అంటానని మీకు మాటివ్వను, నా మాట ఎలాంటిదో మీకిప్పుడు తెలుసు. నన్ను క్షమించమని కూడా అడగను, అది మీ చేతిలో లేదు. రాశాక మాత్రం గుండె తేలికైంది. ఇలా తేలికపడే హక్కు నాకు లేదని తెలుసు, అందుకు సిగ్గుగా ఉంది. అయినా తేలికైంది.